అమ్మకీ నాకూ మధ్య పది మీటర్లు

ఫిబ్రవరి 3

ఈ రోజు అమ్మ రాలేదు. నాలుగున్నర నుంచి ఆరు దాకా బాల్కనీలోనే కూర్చున్నాను. ఎదుటి పేవ్‌మెంటు మీద, మందుల షాపు పక్కన, అమ్మ నిలబడే చోట ఎవరో స్కూటర్ పెట్టి పోయారు. గంటన్నర సేపు ఆ స్కూటర్‌ని తిడుతూ కూర్చున్నాను. దానికేం తెలుసు పాపం.

రాకపోతే ఏమైంది, రేపు వస్తుంది. ఇల్లు రెండు వీధుల అవతలే. తను మెట్లు ఎక్కకూడదని గుండె డాక్టరు చెప్పాడు. నేను మెట్లు దిగకూడదని నా ఎడమ తుంటి చెప్పింది. అందుకని తను రోడ్డు మీద, నేను మూడో అంతస్తులో, ఇద్దరి చెవులకీ ఫోన్లు. పదకొండు నెలలుగా మా తల్లీకూతుళ్ళ రాకపోకలు ఇవే. గొంతు చెవికి వినిపిస్తుంది, మనిషి కంటికి కనిపిస్తుంది, కానీ రెండూ కలిపినా అమ్మ అవదు. ఇంకేదో తక్కువ పడుతోంది. నాకు తన చెయ్యి కావాలి. అంతే, ఇంకేం రాయను.

ఫిబ్రవరి 4

వచ్చింది. నిన్న మోకాలు పట్టేసిందట. పది నిమిషాలు మాట్లాడి ఫోన్ పెట్టేసింది. తర్వాత అరగంట ఊరికే తల పైకెత్తి చూస్తూ నిలబడింది. మెడ నొప్పెడుతుంది వెళ్ళమ్మా అని చేత్తో సైగ చేశాను. నాకేసి చెయ్యి ఊపి, వెళ్ళకుండా అక్కడే నిలబడింది.

ఫిబ్రవరి 6

ట్యూషన్ పిల్లలు ఏడుగురూ వచ్చారు. బడి ఉద్యోగం పోయాక నాకు మిగిలిన బడి ఇదే. పాఠం: పని, శక్తి, యంత్రాలు. బోర్డు మీద లెక్క ఇచ్చాను. నలభై ఎనిమిది కిలోల మనిషి పది మీటర్ల ఎత్తు ఎక్కాలంటే ఎంత పని జరగాలి? యాభై కిలోలని ఇస్తే లెక్క తేలిగ్గా ఉండేది కదా టీచర్ అని ఒక పిల్ల గొణిగింది. ఏం చెయ్యను, అమ్మ నలభై ఎనిమిదే ఉంటుంది.

నాలుగు వేల ఏడు వందల నాలుగు జౌళ్ళు వచ్చాయి. ఒక చెంచా చక్కెరలో ఎనభై వేలకు పైనే ఉంటాయి. అందులో ముప్పావు వంతు ఒంట్లో వేడిగా పోయినా, మిగిలిన పావు వంతుతో ఆ మనిషి నాలుగుసార్లు ఎక్కవచ్చు. ఒక్క చెంచా చక్కెరతో నాలుగుసార్లు! పిల్లలకి ఈ లెక్క భలే నచ్చింది. అమ్మ గుండెకి మాత్రం లెక్కలు రావు.

నా సంగతి ఇంకా విచిత్రం. దిగడానికి శక్తే అక్కర్లేదు. ఇంత ఎత్తున కూర్చున్నందుకు దాదాపు ఏడు వేల జౌళ్ళ స్థితిశక్తి నా దగ్గర ఊరికే పడి ఉంది. దాన్ని నిదానంగా వదిలించుకుంటే దిగినట్టు, ఒక్కసారిగా వదిలించుకుంటే పడినట్టు. పిల్లలకి ఇంతవరకే చెప్పి పంపేశాను.

ఫిబ్రవరి 7

అన్నయ్య ఫోన్ చేశాడు. మూడో తారీఖున అమ్మ వంటింట్లో కళ్ళు తిరిగి కూలబడిందట. నాకు మోకాలని చెప్పి అన్నయ్యకి అసలు సంగతి చెప్పింది. ఇక ఒంటరిగా ఉంచేది లేదు, నా దగ్గరికి తీసుకుపోతాను అన్నాడు. ఆరు గంటల ప్రయాణం. ఇరవై మూడో తారీఖు, ఆదివారం, పొద్దున తొమ్మిదింటికి కారు.

సామాను ఎంత ఉంటుంది అని అడిగాను. నేను అడగాల్సిన ప్రశ్న అదా!

ఫిబ్రవరి 8

అన్నయ్య చేస్తున్నది మంచి పని. వదిన ఓపిక గల మనిషి. వాళ్ళ ఇంటికి అసలు మెట్లే లేవు. నాకేం బాధ లేదు.

ఫిబ్రవరి 9

నిజంగానే లేదు. పాలు రెండుసార్లు పొంగిపోయాయి, అది వేరే సంగతి.

ఫిబ్రవరి 10

ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధాలు రాసుకుంటే ఇక నిజం రాసేది ఎక్కడ?

పోయిన మార్చిలో బడికి ఆలస్యమవుతోందని తడి మెట్ల మీద పరుగెత్తాను. తుంటి విరిగింది. ఆపరేషన్ అయింది. ఆసుపత్రి నుంచి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోసుకొచ్చింది మా మేస్త్రీ, ఆయన గ్యాంగులోని ముగ్గురు మనుషులూ. మా మేస్త్రి అంటే మా ఆయనే. బరువులు ఎత్తడం, దించడం ఆయన పని. ఫ్యాక్టరీల్లో లేత్ మిషన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, బ్యాంకుల్లో ఇనప్పెట్టెలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చాలంటే ఈ ఊళ్ళో ఆయన్నే పిలుస్తారు. అలాంటి మనిషి ఉండి కూడా, రెండో అంతస్తు మలుపులో ముందు మోస్తున్నవాడి కాలు జారింది. కుర్చీ ఒరిగిపోయింది. నేను సగం బయటికి వేలాడాను. నా కళ్ళ కింద మెట్లు ఎంత లోతు వరకు కనిపించాయో ఇప్పటికీ చెప్పగలను. ఆయన కుర్చీ కాలు రెండు చేతులా పట్టుకుని అలాగే మెట్టు మీద కూలబడ్డాడు. నేను పడలేదు. ఆయన మణికట్టు మాత్రం నెల రోజులు వాచి ఉంది.

పైకి చేరాక ఆయన మనుషుల ముందే అరిచాను. "ఇంకెప్పుడూ నన్ను ముట్టుకోవద్దు. నేను మీ లేత్ మిషన్ని కాదు" అన్నాను. ఆయన వెళ్ళి టీ పెట్టాడు. ఆ రోజు నుంచి టీ పెడతాడు, వంట చేస్తాడు, వాకరు అందిస్తాడు. కిందికి దిగడమన్న మాట మాత్రం ఎత్తడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈయన రచ్చ గెలిచి ఇంటికొచ్చి గిన్నెలు కడుగుతాడు.

ఇంకొకటి కూడా రాసేస్తాను. రెండో ఆపరేషన్‌కి తారీఖు దొరకడం లేదని అందరికీ చెబుతున్నాను. అమ్మకీ అదే చెప్పాను. తారీఖు ఎప్పుడంటే అప్పుడే ఇస్తామని ఆసుపత్రివాళ్ళు అక్టోబరులోనే చెప్పారు. కీలు మార్పిస్తే మూడు నెలల్లో నడుస్తానట. నాకు కత్తంటే భయం లేదు. ఆ కత్తి దాకా వెళ్ళాలంటే మెట్లు దిగాలి.

ఫిబ్రవరి 11

నువ్వు వెళ్ళేలోపు ఎలాగైనా కిందికి వస్తానమ్మా అని ఫోన్‌లో అన్నాను. వద్దంటే వద్దంది. ఉన్న ఎముకైనా మిగలనీ అంది. పోనీ నేనే నిదానంగా ఎక్కుతానంది. నీ గుండె సంగతి మర్చిపోయావా అని నేను గదిమాను. చివరికి తను ఎక్కకూడదు, నేను దిగకూడదు అని ఒకళ్ళ చేత ఒకళ్ళం ఒట్టు వేయించుకున్నాం. ఇద్దరం ఎంత తెలివైనవాళ్ళమో.

తను వెళ్ళాక కూర్చుని ఒక పిచ్చి లెక్క వేశాను. డాబా మీద ఒకే ఒక కప్పీ, దాని మీదుగా ఒక మోకు, ఒక కొసకి నేను, రెండో కొసకి అమ్మ. నేను డెబ్బై ఒక్క కిలోలు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు, నేను కూర్చుని తిని కొండనయ్యాను. అమ్మ నలభై ఎనిమిది. కాబట్టి నేను దిగుతుంటే అమ్మ పైకి వస్తుంది, ఎవరూ లాగక్కర్లేదు. సరిగ్గా ఐదు మీటర్ల దగ్గర ఇద్దరం ఎదురుపడతాం. అక్కడ ఒక్క క్షణం చెయ్యి పట్టుకోవచ్చు. ఆ తర్వాత నేను రోడ్డు మీద, తను బాల్కనీలో, మళ్ళీ చెవులకి ఫోన్లు. నవ్వు వచ్చింది. కాసేపటికి నవ్వు ఆగి ఏడుపు వచ్చింది.

ఫిబ్రవరి 13

మొదటి అంతస్తు దర్జీ వచ్చి వెళ్ళింది. గౌను సరిచేసి ఇవ్వడానికని వచ్చి, తలుపు దగ్గర నిలబడి కాసేపు నసిగి, అప్పుడు చెప్పింది.

మొన్న మంగళవారం, మా ఒట్లు అయిన సాయంత్రమే, అమ్మ మెట్లు ఎక్కింది. మొదటి అంతస్తు దాకా వచ్చింది. దర్జీ తలుపు తీసేసరికి గోడకి ఆనుకుని, నోరు తెరిచి గాలి కోసం అవస్థ పడుతోందట, పెదాలు నీలంగా ఉన్నాయట. లోపల స్టూలు మీద కూర్చోబెట్టి నీళ్ళు ఇచ్చింది. గంట సేపు కూర్చుందట. ఇంకా ఎన్ని మెట్లున్నాయని అడిగిందట. ముప్ఫై ఆరు అని చెబితే, "అబ్బో" అని నవ్విందట. నాకు చెప్పొద్దని మాట తీసుకుని, దర్జీ చెయ్యి పట్టుకుని దిగి వెళ్ళిపోయింది.

ఆ గంట సేపూ నేను ఇక్కడే ఉన్నాను. కప్పీ లెక్కలు వేసుకుంటూ నవ్వుకుంటున్నాను. అమ్మ నా కాళ్ళ కింద, రెండు అంతస్తుల కింద, ఊపిరి కోసం పోరాడుతోంది.

ఫిబ్రవరి 14

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ రోజు అడిగాను.

ఆయన వంటింట్లో కప్పులు కడుగుతున్నాడు. వాకరుతో గుమ్మం దాకా వెళ్ళాను.

"నన్ను దించగలరా?"

ఆయన కుళాయి కట్టేశాడు. చేతులు తుడుచుకుని గదిలోకి వెళ్ళి, బీరువా పై అరలోంచి మడత పెట్టిన కాగితం తెచ్చి బల్ల మీద పరిచాడు. పెన్సిల్‌తో గీసిన బొమ్మ. మా బిల్డింగు ఒకప్పుడు గోడౌను. బస్తాలు పైకి లాగడానికి డాబా మీద నుంచి వీధి వైపుకి ఇనప దూలం ఒకటి ఇప్పటికీ పొడుచుకుని ఉంది. బొమ్మలో ఆ దూలానికి రెండు చక్రాల కప్పీ, కింద ఇంకో రెండు చక్రాల కప్పీ, దానికి బెల్టులు కట్టిన కుర్చీ ఉన్నాయి. మోకు ఎటు నుంచి ఎటు వెళ్ళాలో బాణం గుర్తులు. కుర్చీ పక్కన బరువు రాసి ఉంది. 63 అని రాసి కొట్టేశాడు. కింద 65, అదీ కొట్టేశాడు. తర్వాత 68, 70. చివర 71, దాన్ని కొట్టెయ్యలేదు.

నా బరువు నేను ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే ఇప్పటికీ అరవై మూడే అంటాను. ఇరవై ఆరేళ్ళుగా బరువుల్ని చూపుతోనే తూచే మనిషి, ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం, ఈయన దగ్గర నా దాపరికం ఒకటి.

ఎప్పుడు గీశారని అడిగాను. ఏప్రిల్లో అన్నాడు.

"మరి పది నెలలుగా చెప్పలేదేం?"

"ముట్టుకోవద్దన్నావు కదా."

నిష్ఠూరంగా అనలేదు. పెద్ద మిషన్ మీద రాసిన హెచ్చరికని చదివి చెప్పినట్టు చెప్పాడు.  నేను చెప్పింది ఒక్కటీ వినని మనిషి, ఈ ఒక్క మాట ఎందుకు విన్నారు అని అడగాలనుకున్నాను. ఎప్పుడో ఒకప్పుడు ఆయనే ఆ మాట తీసేస్తాడని నేను, నేనే తీసేస్తానని ఆయన, పది నెలలు ఎదురెదురుగా కూర్చుని టీ తాగాం.

"ఇప్పుడు అడిగావుగా" అని మళ్ళీ వంటింట్లోకి వెళ్ళాడు. కాసేపటికి కప్పు పగిలిన చప్పుడు వినిపించింది.

ఫిబ్రవరి 16

గ్యాంగు వచ్చింది. దూలాన్ని సుత్తితో కొట్టి చూశారు, తుప్పు గీకారు, ఇద్దరు మనుషులు దానికి వేలాడి చూశారు. గ్యాంగులో సైగలు చేసే మనిషిని అందరూ జెండా అంటారు. బరువు గాల్లో ఉన్నంతసేపు అతని చెయ్యి చూసే అందరూ కదులుతారు, ఇంకెవరూ నోరెత్తకూడదు. పని మీద ఉన్నప్పుడు మాట పెగలని జెండాకి పని లేనప్పుడు నోట్లో నువ్వుగింజ నానదు. ఈ సంగతి అమ్మకి చెప్పొద్దని గట్టిగా చెప్పాను. సాయంత్రానికల్లా చెప్పేశాడు.

అమ్మ ఫోన్ చేసి గంట సేపు తిట్టింది. చివర్లో, ఆ రోజు కాస్త మంచి బట్టలు వేసుకో, వీధంతా చూస్తుంది అంది.

ఫిబ్రవరి 17

పిల్లలకి కప్పీల పాఠం చెప్పాను, బాల్కనీలోంచే చూపించి. కుర్చీ బరువు మొత్తం నాలుగు వరసల మోకు మీద పడుతుంది. ఒక్కో వరసకి పద్దెనిమిది కిలోలు. కింద వీధి గుమ్మం ముందున్న ఇనప స్తంభానికి మోకు మూడు చుట్లు వేస్తే ఘర్షణే బ్రేకు. కొస పట్టుకున్నవాడికి పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నంత బరువు కూడా ఉండదు. అయితే పని తగ్గదు. నేను పది మీటర్లు దిగాలంటే ఆయన నలభై మీటర్ల మోకు వదలాలి. యంత్రం పనిని తగ్గించదు, పొడుగ్గా సాగదీసి తేలిక చేస్తుంది అని చెప్పాను. సాగదీస్తే ఆలస్యం అవదా టీచర్ అని ఒకడు అడిగాడు. అవుతుంది, ఎవరికి తొందర అన్నాను.

ఫిబ్రవరి 19

నా బరువుకి పావు వంతు ఎక్కువ ఇసుక బస్తాల్లో నింపి, నా కుర్చీలో కట్టి, మూడుసార్లు దించి మూడుసార్లు ఎత్తారు. ఏ మిషన్‌కైనా ముందు ఇలాగే చేస్తారట. నేను గదిలో కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఇసుక నాకంటే హుందాగా దిగిందని దర్జీ చెప్పింది.

ఫిబ్రవరి 20

నాకు భయం లేదు. భయమంతా ఆయనకే. అన్నం తినేటప్పుడు మణికట్టు తిప్పి చూసుకుంటున్నాడు.

ఫిబ్రవరి 21

మోకు ఇంకెవరికైనా ఇవ్వండి, మీరు పైన నా దగ్గర ఉండండి అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

ఫిబ్రవరి 22

రేపు. అబద్ధం రాశాను మొన్న. నాకు భయంగా ఉంది.

ఫిబ్రవరి 23

అంతా రాస్తాను. ఒక్కటీ వదలను.

ఎనిమిదింటికి ఆయన నా నడుముకి, తొడలకి, భుజాలకి బెల్టులు బిగించాడు. పదకొండు నెలల తర్వాత ఆయన చేతులు నా మీద పడ్డాయి. ప్రతి బకిలూ రెండుసార్లు లాగి చూశాడు. నొప్పిగా ఉందా అని అడిగాడు. నొప్పిగానే ఉంది, లేదన్నాను. తర్వాత మెట్లు దిగి మోకు దగ్గరికి వెళ్ళాడు. ఇద్దరు మనుషులు బాల్కనీ కటకటాలు విప్పి, కుర్చీని నెమ్మదిగా బయటికి జరిపారు.

కాళ్ళ కింద ఏమీ లేదు. కళ్ళు మూసుకుందామనుకున్నాను, కానీ వీధి అవతల అమ్మ ఉంది. అన్నయ్య కారు ఆపి, డోరు తీసి పట్టుకుని నిలబడ్డాడు. మందుల షాపు ముందు ఇరవై మంది దాకా పోగయ్యారు. జెండా వీధి మధ్యలో నిలబడి చూపుడువేలు కిందికి చూపించి తిప్పడం మొదలుపెట్టాడు. అంటే దించమని. వేలు పైకి తిప్పితే ఎత్తమని, పిడికిలి బిగిస్తే ఆపమని. దిగుతున్నాను. రెండో అంతస్తు కిటికీలో ఒక పిల్లి నన్ను చూసి వెనక్కి గెంతింది. మోకు కిర్రుమంటోంది. అంత నిదానంగా కదులుతున్నాను కాబట్టి గోడ మీద ప్రతి మరకా కనిపిస్తోంది.

దర్జీ కిటికీ దగ్గరికి వచ్చేసరికి జెండా పిడికిలి బిగించాడు. కుర్చీ ఆగిపోయింది.

కిందికి చూస్తే అమ్మ. వీధి దాటి వచ్చేసింది. సరిగ్గా నా కింద నిలబడి, రెండు చేతులూ పైకి చాచింది. నలభై ఎనిమిది కిలోల మనిషి, గుండె జబ్బు మనిషి, నేను పడితే పట్టుకుందామని.

వేలాడే బరువు కింద మనిషి ఉంటే గ్యాంగు ఇంచు కూడా కదలదు. రాష్ట్రపతి వచ్చి నిలబడినా కదలరు. అన్నయ్య వచ్చి భుజం పట్టుకుని లాగాడు, అమ్మ విదిలించుకుంది. ఎవరో కుర్చీ తెచ్చారు, కూర్చోలేదు. మొండివాడు రాజుకంటే బలవంతుడు, మా అమ్మ మొండివాడికంటే బలవంతురాలు. నేను మొదటి అంతస్తు ఎత్తున గాల్లో ఆగి ఉన్నాను. పదకొండు నెలలు అమ్మని నా దగ్గరికి రమ్మని కోరుకున్న దాన్ని, ఇప్పుడు దూరంగా పొమ్మని చెప్పాలి.

"అమ్మా, పక్కకి జరుగు. నువ్వు జరగందే వీళ్ళు దించరు."

"జరిగితే పడిపోతావే."

"పడను. మోకు ఆయన చేతిలో ఉందమ్మా."

ఆ మాట ఆలోచించి అనలేదు. వీధంతా వినేలా అన్నానని తర్వాత తెలిసింది. అమ్మ తల తిప్పి స్తంభం వైపు చూసింది. ఆయన మా ఇద్దరి వైపూ చూడటం లేదు, జెండా పిడికిలి మీద నుంచి కళ్ళు తియ్యలేదు. కానీ ఆయన చెవులు ఎర్రబడటం నాకు పై నుంచి కనిపించింది. అమ్మ కాసేపు ఆయన్నే చూసింది. తర్వాత వెనక్కి నాలుగు అడుగులు వేసింది. చేతులు మాత్రం దించలేదు. నా కుర్చీ నేలకి తగిలేదాకా అలాగే చాచి ఉంచింది.

తర్వాత ఏమైందో వరసగా గుర్తులేదు. అమ్మ చెయ్యి నా చెంప మీద ఉంది. అరచెయ్యి గరుకుగా, చల్లగా ఉంది. అమ్మ దగ్గర వచ్చే సబ్బు వాసన మారలేదు. ఫోన్‌లో తక్కువ పడింది ఇదే కావచ్చు. నా ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసింది.

"ఇలా చిక్కిపోయావేమే" అంది.

డెబ్బై ఒక్క కిలోల నన్ను చూసి. గ్యాంగు మనుషులు నవ్వు ఆపుకోలేక అటు తిరిగారు. నేను అమ్మ పొట్టలో ముఖం పెట్టుకుని ఏడ్చాను. నలుగురూ చూస్తున్నారని కూడా అనిపించలేదు.

ముప్పావుగంట కూర్చున్నాం, నేను కుర్చీలో, తను దర్జీ స్టూలు మీద. ముఖ్యమైన మాట ఒక్కటీ మాట్లాడుకోలేదు. వంటింటి కుళాయి కారుతోందని చెప్పింది. కొత్త ఊళ్ళో తనకి నిద్ర పడుతుందో లేదో అంది. నా జుట్టు విప్పి మళ్ళీ అల్లింది. మెట్లు ఎక్కావట కదా అని అడిగితే, ఎవరు చెప్పారంది, దర్జీ వైపు ఉరిమి చూసింది. ఆపరేషన్ తారీఖు సంగతి నిజం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. జడ అల్లుతున్న చెయ్యి కాసేపు ఆగింది, అంతే. "నాకేం, నీ కాళ్ళు, నీ ఇష్టం" అంది. "నేను మాత్రం ఆ ముప్ఫై ఆరు మెట్లూ ఇక ఎక్కలేనే" అంది.

తొమ్మిది దాటి పావుగంట అయింది. అన్నయ్య రెండుసార్లు వాచీ చూసుకుని, మూడోసారి నా వైపు చూసి తల దించుకున్నాడు. అమ్మ లేచింది. కారు ఎక్కుతూ వెనక్కి తిరిగి అడిగింది.

"ఎప్పుడొస్తావే?"

వెళ్తున్నది తను. వస్తానమ్మా అన్నాను. మూడు అంతస్తులు దిగడానికి ఆరుగురు మనుషులు, నలభై మీటర్ల మోకు కావలసి వచ్చిన దాన్ని, ఆరు గంటల దూరం వస్తానని మాట ఇచ్చాను.

కారు కదిలింది. మలుపు దాకా చూశాను. మలుపు తిరిగాక ఖాళీ రోడ్డు. ఆయన దగ్గరికి వచ్చి, కాసేపు కింద ఉంటావా, పైకి వెళ్దామా అని అడిగాడు. నాకు ఒక్కసారిగా తట్టింది. మలుపు అవతల రోడ్డు నేల మీద నుంచి కనిపించదు. పై నుంచి కనిపిస్తుంది.

"ఎత్తండి. తొందరగా" అన్నాను.

ఆయన ఎందుకని అడగలేదు. స్తంభం చుట్టు విప్పి, ఇద్దరు మనుషులతో కలిసి మోకు పట్టుకుని వీధి వెంట నడవడం మొదలుపెట్టాడు. వాళ్ళు నాలుగు అడుగులు వేస్తే నేను ఒక అడుగు లేస్తాను. పిల్లలకి అంత గొప్పగా చెప్పిన పాఠం మీద నాకు అప్పుడు పట్టలేని కోపం వచ్చింది. బలం ఎవరికి కావాలి, నాకు వేగం కావాలి. మొదటి అంతస్తు దగ్గర ఎదుటి షాపుల రేకులు దాటాను. రెండో అంతస్తు దగ్గర మలుపు అవతల రోడ్డు కొంచెం బయటపడింది. లారీలు, ఒక బస్సు, వాటి వెనక తెల్ల కారు. మా అన్నయ్య కారే. వెనక అద్దంలో అమ్మ తల చుక్కంత కనిపించింది. లేదా కనిపించిందనుకున్నాను.

బాల్కనీ దగ్గరికి చేరేసరికి కారు సినిమా హాలు వెనక్కి వెళ్ళిపోయింది. పైన ఇద్దరు మనుషులు నా కుర్చీని లోపలికి లాక్కోవడానికి చేతులు చాచారు. కింద జెండా పిడికిలి ఎత్తబోతున్నాడు.

నేను చెయ్యి ఎత్తాను. చూపుడువేలు పైకి పెట్టి తిప్పాను. గాల్లో ఉన్న బరువు తనకి తానే సైగ చెయ్యడం ఆ గ్యాంగు ఎప్పుడూ చూసి ఉండదు. జెండా నోరు తెరిచి మా ఆయన వైపు చూశాడు. ఆయన నా వేలి వైపు చూశాడు. మోకు భుజం మీద వేసుకుని ఇంకో అడుగు ముందుకు వేశాడు.

బాల్కనీ నా కాళ్ళ కిందికి పోయింది. డాబా గోడ పక్కకి వచ్చింది. తల మీద కప్పీ చక్రాలు తిరగడం కనిపిస్తోంది, ఇంకా మూడు అడుగులే మిగిలాయి. సినిమా హాలు కప్పు కిందికి దిగిపోయి, దాని వెనక నది, నది మీద వంతెన కనిపించాయి. వంతెన మీద తెల్ల కారు వెళ్తోంది. ఇంత ఎత్తున భయపడాలని కూడా గుర్తులేదు. నా వేలు ఇంకా తిరుగుతూనే ఉంది. కప్పీకి కప్పీ తగిలేదాకా ఎత్తారు. ఇక ఎత్తడానికి ఎత్తు లేదు. కారు వంతెన చివరికి చేరింది, చెట్లలోకి వెళ్ళింది, మళ్ళీ కనిపించలేదు.

కింద ఆయన మోకు పట్టుకుని నిలబడ్డాడు. నేను చెయ్యి దించేదాకా నన్ను దించలేదు. నేను చాలాసేపు దించలేదు.